నల్లగొండ నీళ్లు, మారుతి 800 ఇంజన్

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర కాసేపు నిలబడితే ఏపీ 24 నంబరుతో ఒకటో రెండో ఇప్పటికీ కనబడతాయి. పాలమూరులో అయితే ఏపీ 22. మొదట కొన్నవాళ్ల దగ్గర మిగిలినవి తక్కువే. మూడు నాలుగు చేతులు మారి ఆరెంపీ డాక్టర్ల ఇళ్ల ముందు, డ్రైవింగ్ స్కూళ్లలో, బత్తాయి తోటల దగ్గర పనిచేస్తున్నాయి. బండితోపాటు దాని మీద పడ్డ నిందలు కూడా చేతులు మారుతూ వస్తున్నాయి. "ఎండాకాలం గరమైతది." "హెడ్డు గ్యాస్కెట్ ఆగదు." "అల్యూమినియం హెడ్డు కదా, అంతే."

మొదటి మాట నిజమే. రెండోది మొదటిదాని పర్యవసానం. మూడోది మాత్రం షెడ్డుల్లో పుట్టిన సాకు. హెడ్డు అంటే ఇంజన్ పైభాగం, బ్లాకు అంటే సిలిండర్లుండే కిందిభాగం, గ్యాస్కెట్ ఆ రెండింటి మధ్య బిగించే పొర. ఇదే హెడ్డు, ఇదే బ్లాకు ఢిల్లీ ఎండల్లోనూ కేరళ వానల్లోనూ లక్షల కిలోమీటర్లు తిరిగాయి. మన దగ్గర త్వరగా పోవడానికి కారణం ఇంజన్ లోపల కంటే అందులో మనం పోసే నీళ్లలో ఎక్కువ ఉంది. అది తెలియాలంటే ముందు ఈ ఇంజన్ కొలతలు కొన్ని తెలియాలి.

సుజుకి దీనికి పెట్టిన పేరు ఎఫ్8బి. వరుసగా మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ అడ్డుకొలత 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ ఆడే దూరం 72 మిల్లీమీటర్లు. వైశాల్యం కడితే 36.85 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 7.2తోనూ, మళ్లీ మూడుతోనూ గుణిస్తే 796 వస్తుంది. ఆర్సీ మీద కనిపించే 796 సీసీ ఇదే. ఆ రోజుల్లో జపాన్‌లో చిన్నకార్ల తరగతికి 550 సీసీ హద్దు ఉండేది. అక్కడి చిన్న కారుకు బయటి దేశాల కోసం అమర్చిన పెద్ద ఇంజన్ ఇది. 1983 డిసెంబరులో మన రోడ్డెక్కింది. 1986లో బండి ఆకారం మారింది కానీ ఇంజన్ మారలేదు.

పిస్టన్ ఆడే దూరం అడ్డుకొలత కంటే ఎక్కువ కాబట్టి ఈ ఇంజన్ తక్కువ వేగంలోనే బాగా లాగుతుంది. 59 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, 2,500 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. సందుల్లో, గతుకుల్లో మాటిమాటికి గేరు మార్చకుండా నడపగలగడం దీనివల్లే. శక్తి సంగతి వేరు. చివరి మోడళ్లకు కంపెనీ చెప్పిన లెక్క 5,000 ఆర్‌పీఎం దగ్గర 37 హార్స్‌పవర్. నాలుగే గేర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద 90లో పోతుంటే ఇంజన్ 4,000కు అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఆర్‌పీఎం ముల్లు బండిలో లేదు కాబట్టి నడిపేవాళ్లకు తెలియదు గానీ, నలుగురు ఎక్కి కిటికీలు దించి నార్కట్‌పల్లి దాటి పోతున్నప్పుడు అది తన బలంలో చాలా భాగం పెట్టేస్తూనే ఉంటుంది. చిన్న ఇంజన్ అన్నమాటకు అసలు అర్థం అది. పెద్ద బండి సగం బలంతో చేసే పనికి ఇది దాదాపు పూర్తి బలం పెట్టాలి.

కంప్రెషన్ నిష్పత్తి, అంటే పేలేముందు పిస్టన్ లోపలి మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 8.7. ఇప్పటి ఇంజన్లతో పోలిస్తే తక్కువ. దీనికి మామూలు పెట్రోలు చాలు. ఆక్టేన్ ఎక్కువని బంకులో ప్రీమియం పోయించుకుంటే ఈ ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు.

ఇంకో చిన్న సంగతి. మూడు సిలిండర్ల ఇంజన్ పుట్టుకతోనే ఊగుతుంది. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 240 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్ పేలుతుంది, వరుస 1-3-2. ఈ చివర పిస్టన్‌కూ ఆ చివర పిస్టన్‌కూ పొంతన కుదరక ఇంజన్ రెండు కొసల మధ్య ఊగుతుంది. ఆ ఊపును మింగే పని రబ్బరు మౌంటింగులది. ఏళ్లు గడిచాక రబ్బరు గట్టిపడితే స్లోస్పీడులో బండంతా వణుకుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే "మిస్సింగ్ కొడుతుంది" అని ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు వరసగా మార్చేస్తారు. వణుకు అలాగే ఉంటుంది. నిజంగా మిస్సింగ్ అయితే, అంటే ఒక సిలిండర్ పేలకుండా తప్పిపోతుంటే, సైలెన్సర్ చప్పుడులో తాళం తప్పుతుంది. చప్పుడు సమంగా ఉండి స్టీరింగు మాత్రమే వణుకుతుంటే ముందు మౌంటింగులు చూడాలి.

ఒకే పేరు కింద మనవాళ్లు మూడు రకాల ఇంజన్లను కలిపేస్తుంటారు. 2000 దాకా వచ్చినవి కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే డబ్బా) బండ్లు. ఆ తర్వాత కాలుష్య నిబంధనలు బిగియడంతో ఎంపీఎఫ్ఐ వచ్చింది. ఇంజన్ పాతదే, పెట్రోలు లెక్క మాత్రం కంప్యూటర్ చేతికి పోయింది. మూడోది 2000లో వచ్చిన ఆల్టోలోని ఎఫ్8డి. అదీ 796 సీసీయే గానీ సిలిండర్‌కు నాలుగు వాల్వుల చొప్పున పన్నెండు, 47 హార్స్‌పవర్, దాని బలమంతా పై వేగాల్లో ఉంటుంది. కొంతకాలం 800లో కూడా ఆ ఇంజన్‌తో ఐదు గేర్ల మోడల్ అమ్మారు. సామాను కొనేటప్పుడు "800దే కదా" అంటే చాలదు, ఆరు వాల్వులదా పన్నెండుదా చెప్పాలి.

ఇక వేడి. పెట్రోలు ఇంజన్‌లో కాలిన ఇంధనం శక్తిలో చక్రాలకు చేరేది సుమారు పావు వంతు. మూడో వంతు దాకా సైలెన్సర్ గుండా పోతుంది. ఇంకో మూడో వంతు దాకా రేడియేటర్ నీళ్లలోకి వస్తుంది. 37 హార్స్‌పవర్ అంటే 27 కిలోవాట్ల పైమాట. పూర్తి బలంతో లాగుతున్న మారుతి రేడియేటర్ కూడా దాదాపు అంతే వేడిని బయటికి నెట్టాలి. బకెట్లో వేసి నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు ఒకటిన్నర కిలోవాట్లు ఉంటుంది. అలాంటివి పద్దెనిమిది రాడ్లు నాలుగు లీటర్ల లోపు నీళ్లలో ఒకేసారి వేస్తే ఎంత వేడో అంత. బోరునీళ్లు వాడే ఇంట్లో ఆ రాడ్డును ఆర్నెల్ల తర్వాత ఒకసారి చూడండి. దాని మీద గీకితే రాలని తెల్లటి పొర ఉంటుంది. ఇంజన్ లోపలా సరిగ్గా అదే జరుగుతోంది.

బోరునీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిగా పేరుకుంటుంది. అది ఎక్కడ ఎక్కువ వేడి ఉంటే అక్కడే ముందు పడుతుంది. ఈ ఇంజన్‌లో ఆ చోటు ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ హెడ్డులో ఉన్న నీటి దారులు. తర్వాత సిలిండర్ గోడలు, చివరగా రేడియేటర్ గొట్టాలు. ఆ పొర లోహంతో పోలిస్తే వేడిని పదుల రెట్లు తక్కువగా దాటనిస్తుంది. ఇక్కడే ఒక మోసం ఉంది. పొర లోపల లోహం కాగిపోతున్నా బయటి నీళ్లు అంత వేడిగా ఉండవు. డాష్‌బోర్డులో ముల్లు మధ్యలోనే ఉంటుంది.

తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు చూస్తే, కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. ఆ 600 నీళ్లే అనుకుందాం. నాలుగు లీటర్లు ఒకసారి నింపి మూత బిగిస్తే అందులో ఉన్న ఖనిజం మొత్తం రెండున్నర గ్రాముల లోపే. దానితో ఇంజన్ చావదు. అసలు నష్టం రోజూ పోయడంలో ఉంది. మూత సరిగ్గా పట్టక ఆవిరి పోతోంది, పొద్దున్నే అర లీటరు పోస్తున్నాం. ఆవిరైపోయేది నీరు మాత్రమే, రాయి లోపలే ఉండిపోతుంది. ఏడాది తిరిగేసరికి అది నూరు గ్రాములు దాటుతుంది. ఎడాపెడా కూలెంట్ మార్చమని చెప్పే మెకానిక్ కంటే "రోజూ నీళ్లెందుకు తగ్గుతున్నయి?" అని అడిగే మెకానిక్ మేలు.

ఇక్కడ ఫ్లోరైడ్ పేరు కూడా వచ్చిపడుతుంది. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి రేడియేటర్ పోయినా దాని మీదికే తోసేస్తారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు మనుషుల ఎముకలకు అది చేసిన నష్టం చిన్నది కాదు. తాగేనీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని హద్దు పెట్టింది అందుకే. కానీ రేడియేటర్లో పేరుకునే పొరకు ఫ్లోరైడ్‌తో సంబంధం లేదు. నిజానికి ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న బోరులో కాల్షియం తక్కువుండటమే మామూలు. కాల్షియం ఎక్కువైతే అది ఫ్లోరైడ్‌తో కలిసి గట్టిపడి నీళ్లలోంచి విడిపోతుంది. అందుకని పక్కపక్క ఊళ్లలో ఒకచోట నీళ్లు పళ్లకు చెడ్డవి, ఇంకోచోట రేడియేటర్‌కు చెడ్డవి కావచ్చు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. ఇప్పుడు భగీరథ నల్లాల్లో వచ్చే కృష్ణ నీళ్లు బోరు కంటే మెత్తన. అత్యవసరానికి అవి పోసుకోవచ్చు. కానీ అవీ ఖనిజం లేని నీళ్లు కావు, అల్యూమినియాన్ని తుప్పు తినకుండా కాపాడే మందూ వాటిలో లేదు.

ఆ మందు ఉండేది కూలెంట్‌లో. "మనకు మంచు పడదు గదా, కూలెంట్ ఎందుకు?" అన్నది ఇక్కడ అందరూ అడిగే ప్రశ్నే. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మనకు కావలసినవి మిగతా రెండు. తుప్పు ఆపుతుంది, నీళ్లు మరిగే స్థాయిని పెంచుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మూడో వంతు కూలెంట్ కలిపితే మన వాతావరణానికి సరిపోతుంది. చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. వేడిని మోసే శక్తి కూలెంట్ కంటే నీటికే ఎక్కువ.

రేడియేటర్ మూతను చాలామంది మూతే కదా అనుకుంటారు. అది ఒత్తిడి కవాటం. ఈ బండి మూత మీద 0.9 అని రాసి ఉంటుంది. అంత ఒత్తిడి నిలిపి ఉంచితే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత స్ప్రింగు సడలినా, కింది రబ్బరు చీలినా, వంద దగ్గరే మరగడం మొదలవుతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఆ పద్దెనిమిది డిగ్రీల తేడాయే బండిని ఇంటికి చేర్చేది. బండి మొత్తంలో ఇంత చవకగా మార్చి ఇంత లాభం పొందే సామాను ఇంకోటి లేదని నా నమ్మకం.

తర్వాత థర్మోస్టాట్. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపి, 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే వాల్వు అది. మన షెడ్డుల్లో ఏ బండి గరమైనా మొదట చేసే పని దాన్ని పీకి అవతల పారేయడం. "ఎండలో దీనితో పనిలేదన్నా, తీసేసిన." పీకిన తర్వాత కొన్నాళ్లు బండి చల్లగానే నడుస్తుంది, అందుకే ఈ వైద్యానికి పేరొచ్చింది. జరిగేది వేరు. ఇంజన్ ఎప్పుడూ తన వేడికి చేరదు. కార్బురేటర్ బండి అయితే చోక్ ఎక్కువసేపు కావాలి, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీద ఆయిల్‌ను కడిగి కింద ఆయిల్‌లోకి దిగుతుంది. ఎంపీఎఫ్ఐ అయితే ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు త్వరగా అరుగుతాయి. పాడైన థర్మోస్టాట్‌ను తీయాల్సిందే, దాని చోట కొత్తది పెట్టాలి. మంచిదో కాదో తెలుసుకోవడం కష్టం కాదు. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేస్తే, నీళ్లు మరిగే లోపే అది తెరుచుకోవాలి.

పాత బండ్లలో రేడియేటర్ ఫ్యాన్‌ను నడిపేది నీటి వేడిని చూసి కలిసే ఒక స్విచ్చి. అది పోతే తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా డైరెక్టు వైరు వేసేస్తారు. ఊరు చేరేదాకా పనికొచ్చే ఉపాయమే. దాన్నే ఏళ్ల తరబడి ఉంచితే ఫ్యాన్ మోటారు బుష్షులు అరిగి ఒకరోజు చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఆ రోజు ఎప్పుడూ ట్రాఫిక్‌లోనే వస్తుంది. ఇక వాటర్ పంపును తిప్పేది డైనమోను తిప్పే బెల్టే. అందుకని బ్యాటరీ ఎర్ర లైటు మినుకుమంటూ ముల్లు కూడా పైకి పోతుంటే రెండు జబ్బులు అనుకోవద్దు. బానెట్ ఎత్తి ఆ ఒక్క బెల్టు చూడండి.

ఈ లోపాలన్నీ చదును రోడ్డు మీద దాక్కుంటాయి. శ్రీశైలం పోయి వస్తేనే బయటపడతాయి. డ్యాం దగ్గర కృష్ణ దాటి ఈగలపెంట, దోమలపెంట వైపు ఎక్కుతుంటే బండి రెండో గేరులో ఉంటుంది. ఇంజన్ వేగం ఎక్కువ, బండి వేగం తక్కువ. పుట్టే వేడి హైవే మీదికంటే ఎక్కువ, ఎదురొచ్చే గాలి సగం కూడా లేదు. అప్పుడు మొత్తం భారం ఫ్యాన్ మీద పడుతుంది. పైకి చేరగానే ఫోటోల కోసం ఆపి టక్కున ఇంజన్ కట్టేస్తారు. నీళ్లు తిరగడం ఆగిపోతుంది, హెడ్డులోని వేడి నిలిచిన నీళ్లను మరిగిస్తుంది. రెండు నిమిషాలు స్లోస్పీడులో ఉంచి ఆపితే ఈ బాధ ఉండదు. ఇంజన్ పక్కనే ఉండే పాతకాలపు పెట్రోలు పంపు కూడా ఆ వేడికి కాగి, గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డం పడుతుంది. మళ్లీ సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాదు. తడిబట్ట పంపు మీద వేసి కాసేపు ఆగితే దానంతటదే సర్దుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్ విప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు హెడ్డు గ్యాస్కెట్. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. ముప్పై సెంటీమీటర్ల పొడవును వంద డిగ్రీలు వేడి చేస్తే ఒకటి 0.7 మిల్లీమీటర్లు, రెండోది అందులో సగం పెరుగుతాయి. బోల్టులతో బిగించిన రెండు లోహాలు మధ్యలో ఉన్న గ్యాస్కెట్ మీద అంత మేర రుద్దుకోవాలి. మామూలు వేడిలో అది తట్టుకునేలాగే చేశారు. నీళ్లు మరిగిపోయి హెడ్డు ఒకవైపు 150 దాటితే మాత్రం అది వంగుతుంది. వంగిన హెడ్డు చల్లారినా పూర్తిగా చదును కాదు.

నీళ్లు బాగా తగ్గిపోయినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునగకుండా గాలిలో మిగులుతుంది, ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి దిగుతుంది. డ్రైవరు చల్లబడిందనుకుని తొక్కుతాడు. ముల్లు ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగితే నమ్మొద్దు, ఆపేయాలి. ఆపాక చేసే తప్పు మరొకటి. కాగుతున్న ఇంజన్‌లో చేతిలో ఉన్న చల్లటి నీళ్ల బాటిల్ దొర్లించేస్తారు. వంగని హెడ్డు కూడా అప్పుడు పగులుతుంది. అరగంట ఆగి, మందపాటి గుడ్డ వేసి మూతను మెల్లగా సడలించి, ఇంజన్ నడుస్తుండగా కొద్దికొద్దిగా పోయాలి. ముట్టుకోలేనంత వేడిలో మూత తీయడం ముఖం కాల్చుకోవడానికే.

గ్యాస్కెట్ పోయిందని గుర్తులు కొన్ని. ఆయిల్ మూత కింద పెరుగులాంటి తెల్లటి జిగురు. రేస్ ఇస్తే రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు. వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తగ్గని తెల్లపొగ. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లపొగకు భయపడక్కర్లేదు, అది ఆవిరి. గ్యాస్కెట్ మార్చేటప్పుడు హెడ్డును లేత్‌కు పంపి ఫేసింగ్ (అడుగు గీసి చదును) చేయించకుండా కొత్తది వేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే పని. కానీ ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు ఫేసింగ్ కూడా కుదరదు. గీసిన ప్రతిసారీ పేలే గది చిన్నదవుతుంది, కంప్రెషన్ పెరిగి ఎత్తులెక్కేటప్పుడు లోపల టకటక మొదలవుతుంది. బోల్టులు మధ్యలోంచి చివరలకు, రెండు మూడు దఫాలుగా, టార్కు రెంచితో బిగించాలి. "చేతి అంచనా తెలుసు" అనే మెకానిక్ చేతి మీద నాకు గౌరవమే, కానీ ఈ ఒక్క పనికి పనిముట్టు చూపించమని అడుగుతాను. అన్నిటికంటే ముఖ్యం, అసలు ఎందుకు గరమైందో వెతక్కుండా హెడ్డు మూస్తే ఆ ఖర్చంతా దండుగ. రేడియేటర్ విప్పించి, గొట్టాల్లో రాడ్డు దింపి శుభ్రం చేయించి, బ్లాకులోని నీటి దారులు కడిగించాకే మూయాలి.

ఆయిల్ తాగడం వేరే కథ. నీలంపొగ కనబడగానే "ఇంజన్ విప్పే పనికొచ్చింది, బోరు చేయాలి" అనేస్తారు. బోరు అంటే సిలిండర్లను లోపల గీసి పెద్దవి చేయడం. ముందు పొగ ఎప్పుడు వస్తుందో చూడండి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుప్పు వచ్చి పోతే, లేదా దిగుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వస్తే, వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి. అది చిన్న పని. లోడుమీద లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులు. కంప్రెషన్ కొలిచి, తక్కువున్న సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. బోరు తప్పదంటే 0.25, 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజు పిస్టన్లు దొరుకుతాయి. సగం మిల్లీమీటరు బోరు చేస్తే ఇంజన్ 808 సీసీ అవుతుంది, ఆ పన్నెండు సీసీలతో పికప్ పెరిగిందని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. పెరిగింది కొత్త రింగుల కంప్రెషన్.

ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరుగుతోందంటే అది కూడా జబ్బే. కార్బురేటర్ బండిలో పెట్రోలు పంపు పొర చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకి కారుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే చాలు. అలాంటి ఆయిల్‌తో వంద కిలోమీటర్లు కూడా నడపొద్దు, బేరింగులు పోతాయి.

ఈ పొర చిరగడం ఇప్పుడు ఎక్కువైందని షెడ్డుల్లో అంటున్నారు, కారణంగా ఈ20ని చూపిస్తున్నారు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ పెట్రోలు 2023లో మొదలై ఇప్పుడు దేశమంతా బంకుల్లో అదే. పాత రబ్బరుకు, పాత గొట్టాలకు ఇథనాల్ పడదన్నది నిజం. గొట్టాలు, పొర, కార్బురేటర్ కిట్టు కొత్త రకానివి వేసుకోవడం తప్ప వేరే దారి లేదు. మైలేజీ మీద మాత్రం అతిశయోక్తులు ఎక్కువ. ఇథనాల్‌లో శక్తి లీటరుకు పెట్రోలులో మూడింట రెండొంతులు. ఐదో వంతు కలిపితే మొత్తం శక్తి ఏడు శాతం దాకా తగ్గుతుంది. లీటరుకు 20 ఇచ్చే బండి 18న్నర ఇవ్వాలి. 14కు పడిపోయిందంటే వేరే జబ్బు వెతకండి.

కార్బురేటర్‌కు ఇంకో చిక్కుంది. ఒక భాగం పెట్రోలు కాలడానికి బరువులో 14.7 భాగాల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి 13.5 దగ్గర కుదరాలి. ఎంపీఎఫ్ఐలో సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఉంటే కంప్యూటరే సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు కళ్లు లేవు. పాత జెట్లతోనే (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు) నడిస్తే మిశ్రమం ఎనిమిది శాతం పలచనవుతుంది. దాని మీద మైలేజీ కోసం స్క్రూ ఇంకా బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వులు మాడతాయి. ట్యూనింగ్ చేసేటప్పుడు ఇప్పుడు కొంచెం చిక్కగానే ఉంచమనండి. నెలల తరబడి నిలిపే బండి అయితే ట్యాంకులో పెట్రోలు పాతబడనివ్వొద్దు. ఇథనాల్ గాలిలో తేమ పీల్చి, నీళ్లతో కలిసి అడుగున చేరుతుంది, ఇనుప ట్యాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది.

టైమింగ్ బెల్టు గురించి ఒక్కమాట: దానికి కిలోమీటర్లతోపాటు ఏళ్లూ లెక్కే. పాతికేళ్ల బండి 40,000 కిలోమీటర్లే తిరిగిందని చెప్పి అమ్మితే, ఆ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే, ముందు అది మార్చి తర్వాత నడపండి. ఎంపీఎఫ్ఐ బండ్లలో స్లోస్పీడు నిలవకపోవడం చాలాసార్లు మురికిపట్టిన ఐడిల్ వాల్వు వల్లే. ట్యాంకును ఎప్పుడూ రిజర్వులో నడిపితే లోపలి కరెంటు పంపు చల్లదనం లేక కాలిపోతుంది.

ఇలాంటి బండి కొనడానికి పోతే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వస్తామని చెప్పండి. మీరు వచ్చేసరికే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే ఏదో దాస్తున్నట్టు. స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీసి చూడండి. పచ్చటి కూలెంట్ ఉంటే మంచిదే, కానీ నిన్ననే పోసి ఉండొచ్చు. వేలు లోపలికి పెట్టి గొట్టాల నోళ్లు తడమండి. గరుకుగా తెల్లపొర తగిలితే ఆ బండి బోరునీళ్లు తాగింది. ఆయిల్ మూత తిప్పి చూడండి. స్టార్ట్ చేశాక రేడియేటర్ పైగొట్టం పట్టుకోండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ ఉంది. మొదటినుంచే మెల్లగా వేడెక్కుతుంటే ఎవరో పీకేశారు. నిలిపి ఉంచి ఫ్యాన్ దానంతటది తిరిగి, ఆగేదాకా వేచి ఉండండి. అమ్మేవాళ్లు తొందరపెడతారు. ఆ ఫ్యాన్ ఒకసారి ఆగడం చూడకుండా బయానా ఇవ్వకండి.